పిల్లల చదువు గురించి ఒక మాట

అందరికీ నమస్తే. "మా వాడికి అక్షరాలన్నీ వస్తాయి గానీ పుస్తకం తీస్తే నోరు విప్పడు" అని మొన్న ఇద్దరు ముగ్గురు రాశారు కదా. మా చిన్నదీ అంతే ఉండేది.

నేనైతే పుస్తకం పక్కన పెట్టి, హనుమకొండ బస్టాండ్‌లో బోర్డులు చదివించాను. ముందు 'ములుగు'. మూడే అక్షరాలు, మూడింటికీ కొమ్ములే. ఆ తర్వాత 'కాజీపేట'. 'నర్సంపేట'లో వత్తు, సున్నా ఒకేచోట ఉంటాయి, దాంతో వారం రోజులు తిప్పలు పడింది. 'వరంగల్' పొల్లు మాత్రం ఎందుకో ఇట్టే పట్టేసింది.

'మ'ను 'య' అని చదివితే వెంటనే అందుకుని దిద్దకండి. ఐదు లెక్కపెట్టేంత సేపు ఆగితే చాలాసార్లు వాళ్లే దిద్దుకుంటారు. (ఆ ఆగడమే నాకు ఇప్పటికీ కష్టం.) రాత్రి అన్నం తిన్నాక పది నిమిషాలు, ఒక వాక్యం నేను, ఒకటి తను. చదివిన కథే మళ్లీ అడిగితే అదే చదవనివ్వండి.

స్టోరీవీవర్ అనే పిల్లల కథల వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితం. తరగతి చూడకుండా 1వ స్థాయి నుంచే మొదలుపెట్టండి.

చుట్టాల ముందు "ఏదీ, చదివి చూపించు" అనకండి. మా ఇంట్లో టెన్షన్ అక్కడే మొదలైంది, తప్పు నాదే.

మా దగ్గర చిన్న బొమ్మల కథల పుస్తకాలు కొన్ని ఉన్నాయి. మార్చుకుందామంటే ఆదివారం సాయంత్రం ఇంటికి రండి.