వేంపల్లె బండ మీదుగా మరో భూమికి

ప్రియమైన మిత్రమా,

పోయిన ఆదివారం మనం మాట్లాడుకుంటుండగా మీ అమ్మాయి నీ చేతిలోంచి ఫోను లాక్కుని, "బాబాయ్, ఆకాశంలో మన భూమిలాంటివి ఇంకా ఉన్నాయట కదా, వాటి మీద కూడా మనుషులుంటారా?" అని అడిగింది, గుర్తుందా? నేను బస్సులో ఉన్నాను. "ఉండొచ్చమ్మా" అన్నానో లేదో లైను తెగిపోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదురా. అంత మంచి ప్రశ్నకు అంత పొడిగా జవాబు చెప్పానే అని ఒకటే బాధ. అందుకే కాగితం తీశాను. కాస్త పొడుగవుతుంది, ఓపికగా చదివి తనకు నీ మాటల్లో చెప్పు.

ముందు నీకొక బండ సంగతి చెప్పాలి. కిందటి నెల పని మీద కడప జిల్లా వేంపల్లె వైపు వెళ్ళాను. రోడ్డు కోసం కొండను కోసిన చోట బూడిదరంగు బండ ఒకటి కనిపించింది. దూరం నుంచి చూస్తే మామూలు బండే. దగ్గరకు వెళ్ళి సీసాలో నీళ్ళు పోసి అరచేత్తో రుద్దాను. తడవగానే పొరలు తేలాయి. అడ్డంగా కోసిన ఉల్లిపాయలా ఒక వంపులో ఇంకో వంపు, పూతరేకుల్లా పొర మీద పొర. దాన్ని స్ట్రోమటోలైట్ అంటారు. ఆ నేలంతా ఒకప్పుడు లోతు తక్కువ సముద్రం. అడుగున పరుచుకున్న పాచిలాంటి సూక్ష్మజీవులు తమ మీద పడిన ఒండ్రునీ సున్నాన్నీ పట్టి ఉంచి, వెలుతురు కోసం మళ్ళీ పైకి పాకి, ఇంకో పొర వేసి, అలా కట్టుకుంటూ పోయిన ఇల్లు అది. దాదాపు 190 కోట్ల ఏళ్ళ కిందటి మాట! ఆ గరుకు ఇప్పటికీ వేళ్ళకు తగులుతున్నట్టే ఉంది.

ఇలాంటివే ఆస్ట్రేలియా పశ్చిమాన పిల్బరా ప్రాంతంలో 350 కోట్ల ఏళ్ళ నాటివి దొరికాయి. భూమి వయసే 454 కోట్ల ఏళ్ళు. అంటే నేల చల్లారి, నీరు నిలిచి, కాస్త కుదుటపడగానే జీవం మొదలైందన్నమాట. అందుకే వేరే గ్రహాల మీద జీవం పుట్టడం గురించి నాకు పెద్దగా బెంగ లేదు. రాయి, నీళ్ళు, వేడి ఉన్న చోట అది పుడుతుందనే నా నమ్మకం. బెంగల్లా ఆ తర్వాతి సంగతి గురించే. జంతువులు కనిపించి 60 కోట్ల ఏళ్ళు. అంతకుముందు మన భూమి మీదకు ఎవరైనా బయటివాళ్ళు ఎప్పుడు దిగినా వాళ్ళకు కనిపించేది పాచి, నురగ, బంక మాత్రమే. జీవం ఉన్న కాలంలో ఆరింట అయిదు వంతులు అంతే!

ఏమిటంత ఆలస్యం? నన్నడిగితే, ఒక కాపురం కుదరడానికి పట్టిన ఆలస్యం అది. ఇంచుమించు ఆ వేంపల్లె బండ పుట్టిన కాలానికి అటూ ఇటూగా, ఒక కణంలోకి ఒక బాక్టీరియా చేరింది. అరిగిపోలేదు, చంపలేదు. లోపలే స్థిరపడి, తరతరాలుగా దానికి శక్తి వండిపెట్టడం మొదలుపెట్టింది. దాన్నే ఇప్పుడు మైటోకాండ్రియా అంటున్నాం. 1967లో లిన్ మార్గులిస్ అనే జీవశాస్త్రవేత్త ఈ మాట గట్టిగా చెప్పినప్పుడు నమ్మినవాళ్ళు తక్కువ. ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. నువ్వు, నేను, మీ పెరటి మునగచెట్టు, దాని కింద మొలిచిన పుట్టగొడుగు, అందరం ఆ ఒక్క కలయిక వారసులమే. కన్ను ఈ భూమి మీద ఎన్నోసార్లు వేరువేరుగా పుట్టింది. రెక్కలు నాలుగుసార్లు పుట్టాయి: పురుగులకు, టెరోసార్లనే పాతకాలపు ఎగిరే సరీసృపాలకు, పక్షులకు, గబ్బిలాలకు. మనందరినీ పుట్టించిన ఆ కాపురం మాత్రం ఒక్కసారే.

ఏది మళ్ళీ మళ్ళీ జరుగుతుంది, ఏది ఒక్కసారే జరుగుతుంది? మీ అమ్మాయి ప్రశ్న మొత్తం ఇక్కడే ఉంది. దీన్ని సీసాల్లో పెట్టి చూసినవాడొకడున్నాడు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అర్వైన్ శాఖలో రిచర్డ్ లెన్‌స్కీ అనే జీవశాస్త్రవేత్త 1988 ఫిబ్రవరిలో ఒకే ఇ. కోలై బాక్టీరియాను 12 సీసాల్లో వేశాడు. రోజూ కొంచెం చక్కెర, రోజూ కొత్త సీసాలోకి మార్పు, సెలవు రోజైనా సరే. పన్నెండూ పన్నెండు వేరు లోకాలనుకో. వేల తరాలు గడిచాక చూస్తే పన్నెండింటిలోనూ కణాలు లావయ్యాయి, వేగంగా పెరగడం నేర్చాయి. ఒకరినొకరు చూడకుండానే ఒకే దారి పట్టాయి! ఇంతవరకూ బాగుంది. సీసాల్లోని ద్రవంలో చక్కెరతో పాటు సిట్రేట్ అనే, నిమ్మపులుపు జాతి పదార్థం కూడా ఉండేది. ఆక్సిజన్ ఉన్నప్పుడు దాన్ని తినడం ఇ. కోలై వల్ల కాదు. 31,000 తరాలు దాటాక ఒక్క సీసా ఉన్నట్టుండి చిక్కగా మసకబారింది. అందులోని బాక్టీరియా సిట్రేట్ తినడం నేర్చింది. మిగతా పదకొండూ నేర్వలేదు.

అసలు విశేషం ఆ తర్వాతిది. పాత తరాల బాక్టీరియాను అప్పుడప్పుడూ గడ్డకట్టించి దాచి ఉంచారు. జాకరీ బ్లౌంట్ అనే శిష్యుడు వాటిని కరిగించి, ఆ సీసా చరిత్రను మళ్ళీ మళ్ళీ నడిపించి చూశాడు. మొదటి తరాల నుంచి నడిపిస్తే ఆ విద్య రాలేదు. 20,000 తరాల తర్వాతి వాటి నుంచి నడిపిస్తే మళ్ళీ వచ్చింది. అంటే మధ్యలో ఎక్కడో, ఎవరి కంటా పడకుండా, ఒక చిన్న మార్పు జరిగి దారి సిద్ధం చేసింది. అది జరగని సీసాలో ఎంత కాలం వేచినా లాభం లేకపోవచ్చు. దీని గురించి చదివిన రోజు లేచి గదిలో అటూ ఇటూ తిరిగాను.

ఇక ఆ గ్రహాల్లో ఒకదానికి వెళ్దాం. కుంభరాశి వైపు, 40 కాంతి సంవత్సరాల దూరంలో ట్రాపిస్ట్-1 అనే ఎర్రటి చిన్న నక్షత్రం ఉంది. దాని చుట్టూ ఏడు గ్రహాలున్నాయని 2017లో ప్రకటించారు. అందులో 'ఇ' అనే గ్రహం మన భూమి కంటే కాస్త చిన్నది, దానికి సంవత్సరమంటే మన ఆరు రోజులు. అంత దగ్గరగా తిరిగే గ్రహం ఒకే ముఖాన్ని నక్షత్రానికి అప్పగించి ఉండే అవకాశం ఎక్కువ. ఒక పక్క ఎప్పటికీ పగలు, ఇంకో పక్క ఎప్పటికీ రాత్రి. ఉదయం, సంధ్య అన్నవి కాలం కావు, చోట్లు! అక్కడ మొక్క మొలిస్తే ఆకు నల్లగా ఉండొచ్చు. ఆ మసక వెలుగులో దొరికిన ప్రతి కిరణాన్నీ పీల్చుకోవాలి కదా. భయాలూ ఉన్నాయి. అలాంటి నక్షత్రాలు ఉండుండి భగ్గుమని గ్రహాల మీది గాలిని ఊడ్చేయగలవు. అంతరిక్షంలో ఉన్న వెబ్ టెలిస్కోపు చూసినంతలో లోపలి రెండు గ్రహాలకు దట్టమైన వాతావరణం ఉన్న ఆధారం దొరకలేదు. 'ఇ'ని ఇంకా చూస్తున్నారు.

అయినా నాకు ఆశ ఎక్కడంటే, కాలం దగ్గర. ఆ నక్షత్రం వయసు ఇప్పటికే 760 కోట్ల ఏళ్ళు అని అంచనా. ఇంకా లక్షల కోట్ల ఏళ్ళు వెలుగుతుంది. మన సూర్యుడికి అంత తీరిక లేదు. ఒక్కసారే కుదిరే కాపురానికి కాలమే కావాలంటే, అది దండిగా ఉన్నది అక్కడే.

ఇక జవాబు. కళ్ళున్నవి ఉండొచ్చని చెప్పు. వెలుగున్న చోట కన్ను పుట్టడానికి ఎన్ని దారులో! ఆక్టోపస్‌కూ మనకూ కన్ను వేరువేరుగా తయారైంది. దాని కంట్లో నరాలు బొమ్మ పడే తెర వెనక నుంచి పోతాయి, మన కంట్లో ముందు నుంచి వచ్చి తెరకు చిల్లు పొడిచి బయటపడతాయి. ఆ చిల్లును తనకు చూపించు. కాగితం మీద ఎడమ పక్క ఒక కూడిక గుర్తు, దానికి మూడు అంగుళాల కుడిగా ఒక చుక్క పెట్టు. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో ఆ గుర్తునే చూస్తూ కాగితాన్ని మెల్లగా దగ్గరకు తెమ్మను. అడుగు దూరంలో చుక్క మాయమవుతుంది.

మనుషులు మాత్రం ఉండరని చెప్పు. మనకు అయిదు వేళ్ళే ఎందుకు? తొలినాటి నాలుగు కాళ్ళ జీవుల్లో ఎనిమిది వేళ్ళున్నదీ ఉంది, ఏడున్నదీ ఉంది. మిగిలినవి అయిదు వేళ్ళవి. ఎనిమిదివి నిలిచి ఉంటే తను పదహారు ఒక కట్టగా లెక్కలు చేస్తుండేది. ఇలాంటి మలుపులు కోటి, వరసగా మళ్ళీ అలాగే పడాలి. పడవురా. తనలాంటి పిల్ల ఈ ఒక్క చోటే ఉంది.

దసరా సెలవులకు అందరూ రండి. పాపను ఆ బండ దగ్గరకు తీసుకెళ్దాం. నీళ్ళ సీసా తనచేతే పట్టించు, తనే పోయాలి. చెల్లెమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు
నీ మిత్రుడు