నాన్న పక్కన గడ్డిలో కూర్చున్న ఆవిడకి

నాన్న ఇంటికొచ్చేశారు. మణికట్టుకి కట్టు, నుదుటి మీద నాలుగు కుట్లు. ఇప్పుడే కాస్త పడుకున్నారు. పన్నెండు రోజులుగా నాకు సరిగ్గా నిద్ర లేదు, రాతలో తప్పులుంటే మన్నించండి.

చాలామందికి జరిగింది సగమే తెలుసు. ఇక్కడ, అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని అట్లాంటా శివార్లలో, పొద్దున వాకింగ్‌కి వెళ్ళిన నాన్నని ఒకడు ట్రక్కు ఆపి, "మీ దేశం పో" అని అరిచి తోసేశాడు. నాన్నకి డెబ్బై రెండేళ్ళు, ఇంగ్లీషు రాదు. వాడేమంటున్నాడో తెలియక ముందు నమస్కారం పెట్టారట. ఆ మాట విన్నాక నాకు ఏడుపు ఆగలేదు.

వెనక వీధిలో ఉండే ఒక పెద్దావిడ వరండాలోంచి అంతా చూశారు. నల్లజాతి ఆవిడ. పేరు రాయొద్దన్నారు. మోకాళ్ళ నొప్పులతోనే వచ్చి గడ్డిలో నాన్న పక్కన కూలబడి, తన స్వెటర్ మడిచి తల కింద పెట్టారు. నేను పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి నాన్న తెలుగులో ఏదో చెప్తున్నారు, ఆవిడ ఇంగ్లీషులో ఊరడిస్తున్నారు. దెబ్బ తగలని చెయ్యి ఆవిడ చేతిలో ఉంది. వచ్చిన పోలీసు ముందు నాన్ననే అడిగాడు, ఐడీ ఏది, ఇక్కడేం పని అని. "ఈయన మా వీధి మనిషి. రోజూ నాకు దణ్ణం పెట్టి వెళ్తారు" అన్నారావిడ.

రెండేళ్ళుగా ఆ ఇంటి ముందు నుంచే కారులో వెళ్తున్నాను. ఒక్కసారీ పలకరించలేదు. ఈ ఇల్లు కొనేటప్పుడు "చుట్టుపక్కల నల్లవాళ్ళు లేరు కదా?" అని మా వాళ్ళు అడిగితే, నేనూ ఏజెంట్‌ని అదే అడిగాను. అలాంటివి తను చెప్పకూడదని ఆయన మాట మార్చేశారు. ఆస్పత్రిలో ఆ రాత్రంతా నాకు అదే గుర్తొచ్చింది.

ఆవిడ అక్కడే కూర్చుని వాళ్ళ నానమ్మ సంగతి చెప్పారు. 1912లో ఇదే రాష్ట్రంలోని ఫోర్సైత్ కౌంటీలో నల్లవాళ్ళని, దాదాపు పదకొండు వందల మందిని, ఇళ్ళు తగలబెట్టి, బెదిరించి తరిమేశారు. నానమ్మ అప్పటికి చిన్నపిల్ల, పొలం, ఆవులు వదిలేసి రాత్రికి రాత్రే వచ్చేశారట. ఇప్పుడు మన తెలుగువాళ్ళు ఎంతమంది అక్కడ ఇళ్ళు కొనుక్కున్నారో మీకే తెలుసు. మా చుట్టాలే ఆరు కుటుంబాలు. ఎవరం ఆ నేల సంగతి అడగలేదు. ఇది చెప్పి కూడా, నేను తల దించుకుంటే ఆవిడ నా వీపు నిమిరారు.

మా ఆయన, తమ్ముడు, అత్తయ్య చేసింది చెప్పక్కర్లేదు, వాళ్ళు ఇంటివాళ్ళు.

కోపం మాత్రం పోలేదు. పోలీసు రిపోర్టులో "కాలు జారి పడ్డాడు" అని రాశారు! దుబాసీ కావాలంటే ఫోన్‌లో హిందీ మనిషిని ఇచ్చారు. నాన్నకి హిందీ ముక్క రాదు. అహ్మద్ ఆర్బరీ అనే నల్లజాతి యువకుడు జాగింగ్‌కి వెళ్ళి హత్యకి గురయ్యాక, 2020లో జార్జియాలో ద్వేష నేరాల చట్టం, అంటే జాతి లాంటి వాటి మీద ద్వేషంతో చేసిన నేరానికి శిక్ష పెంచే చట్టం, వచ్చింది. కానీ వాడన్న మాట కాగితం మీదే లేకపోతే ఆ చట్టం ఎక్కడ పనికొస్తుంది? రిపోర్టు సరిచేయించడానికి ఆవిడ నాతో మూడుసార్లు స్టేషన్‌కి వచ్చారు. మూడోసారి రెండు గంటలు నిలబడ్డారు. ఆవిడ వాంగ్మూలం తీసుకున్నాకే కేసు కదిలింది. విజిటర్ ఇన్సూరెన్స్ వాళ్ళు ఇంకా పాత రిపోర్టే పట్టుకుని కూర్చున్నారు, ఆ టెన్షన్ తీరలేదు.

అయ్యో, మర్చిపోయాను, వీళ్ళకి కూడా కృతజ్ఞతలు. రాత్రి డ్యూటీ మధ్యలో ఫోన్‌లో నాన్నతో తెలుగులో మాట్లాడిన విజయనగరం నర్సమ్మకి. మా పిల్లల్ని నాలుగు రోజులు స్కూల్లో దింపిన పక్కింటి వాళ్ళకి. డోర్‌బెల్ కెమెరా వీడియో అడగకుండానే పంపిన మూల ఇంటాయనకి. నాన్న చెప్పుల్లో ఒకటి వెతికి తెచ్చిన పోస్ట్‌మ్యాన్‌కి కూడా. రెండోది ఆ పెద్దావిడ ముందే కడిగి వరండాలో ఆరబెట్టి ఉంచారు.