మామా, ఈ మామిడి సీజన్‌కి ముందే అప్రెంటిస్‌లను పెట్టుకో

తిరుపతి,
ఆదివారం

మామా,

అందరూ బాగున్నారా? చెల్లెమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడ మేమంతా బాగున్నాం.

మొన్న ఫోన్లో నువ్వు చెప్పిన సంగతులు రెండు నా బుర్రలోంచి పోవడం లేదు. వర్క్‌షాప్‌లో పని తెలిసినవాడు దొరకడం లేదు, దొరికినవాడు నిలవడం లేదన్నావు. ఆ వెంటనే, మీ అక్క కొడుకు ఐటీఐ ఫిట్టర్ పాసై ఇంట్లోనే ఉన్నాడు, ఎక్కడికెళ్ళినా అనుభవం ఉందా అని అడిగి పంపించేస్తున్నారన్నావు. అనుభవం ఉన్నవాడే కావాలని నువ్వంటావు. ఆ అనుభవం ఎవరిస్తారని వాడంటాడు. చిత్తూరు నుంచి తిరుపతి దాకా ఏ వర్క్‌షాప్ ఓనర్‌ను కదిపినా ఇదే బాధ, ఏ ఐటీఐ పిల్లాణ్ణి కదిపినా అదే బాధ. ఇది ఫోన్లో తెగే విషయం కాదని తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. పూర్తిగా చదువు.

ముందు మీ ఊరి సంగతే చూడు. చిత్తూరు అటు చెన్నైకి, ఇటు బెంగళూరుకి మధ్యలో ఉంది. ఆర్గాన్ వెల్డింగ్ (ఆర్గాన్ గ్యాస్ వదులుతూ చేసే వెల్డింగ్) బాగా వచ్చినవాడు తమిళనాడులోని రాణిపేటకో, శ్రీపెరంబుదూరుకో, హోసూరుకో బస్సెక్కేస్తాడు. జీతం విషయంలో వాళ్ళతో నువ్వు పోటీ పడలేవు. నువ్వు వెయ్యి పెంచితే వాళ్ళు రెండు వేలు పెంచుతారు. వేరేవాళ్ళు తయారు చేసిన మనిషి కోసం ఎదురు చూసినంత కాలం నీకీ టెన్షన్ తప్పదు. నీ మనిషిని నువ్వే తయారు చేసుకోవాలి. అంటే అప్రెంటిస్‌లను పెట్టుకోవాలి, జీతం బదులు నెలనెలా స్టైపెండ్ ఇస్తూ పని నేర్పాలి.

మీ వెల్డింగ్ మేస్త్రి పని నేను కళ్ళారా చూశాను కదా. మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి స్టీలు పైపు అతికేటప్పుడు ఆయన బయట వెల్డింగ్ టార్చ్ పట్టుకునే ముందు పైపు రెండు చివరలూ మూసి, లోపలికి కూడా ఆర్గాన్ వదులుతాడు. లోపల గాలి పోయేదాకా ఆగుతాడు. ఆ కాసేపు ఆగకపోతే బయట అతుకు వెండిలా మెరుస్తుంది గానీ లోపల నల్లగా, గరుగ్గా పొక్కులు కడుతుంది. అక్కడ మామిడి గుజ్జు పట్టుకుని కుళ్ళుతుంది, ఎంత కడిగినా పోదు. బయటి నుంచి చూస్తే ఎవరికీ తెలియదు. ఎంత సేపు ఆగాలో ఆయన గడియారం చూసి చెప్పడు. పైపు సైజు చూసి, గ్యాస్ వచ్చే చప్పుడు విని చెప్తాడు. ఆ విద్య నీ వర్క్‌షాప్‌లో ఆయన దగ్గర తప్ప ఇంకెవరి దగ్గర ఉంది? ఆయన కళ్ళకు ఇప్పటికే సాయంత్రానికి నీళ్ళు కారుతున్నాయన్నావు. రేపు ఆయన ఇంట్లో కూర్చుంటే నువ్వు ఎవరిని అడుగుతావు? నాకు నీ లాభనష్టాల కంటే ఎక్కువ బాధగా ఉండేది ఇదే.

ఇక చట్టం సంగతి. అప్రెంటిస్‌ల చట్టం 1961 నుంచే ఉంది. 2014లో బాగా సవరించారు, 2019లో రూల్స్ ఇంకా సులువు చేశారు. కాంట్రాక్టు వాళ్ళతో కలిపి 30 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ పనిచేసే చోట అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. ఉన్న మనుషుల్లో రెండున్నర శాతం నుంచి 15 శాతం దాకా తీసుకోవాలి. నాలుగు నుంచి 29 మంది ఉన్న చోట అది యజమాని ఇష్టం. నీ దగ్గర ఇరవై మంది ఉన్నారు కాబట్టి నిన్నెవరూ బలవంతం చేయరు. కానీ నువ్వు కావాలనుకుంటే ముగ్గురి దాకా తీసుకోవచ్చు. మొదట ఇద్దరితో మొదలుపెట్టు, చాలు.

ఖర్చు ఎంత అంటావు కదా. 2019 రూల్స్ ప్రకారం స్టైపెండ్ పది పాసైన వాళ్ళకు నెలకు కనీసం 6,000, ఐటీఐ వాళ్ళకు 7,000, డిప్లొమా వాళ్ళకు 8,000, డిగ్రీ వాళ్ళకు 9,000. దీన్ని 36 శాతం పెంచాలని 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ కౌన్సిల్ సిఫార్సు చేసింది, అందుకని పిల్లలతో కాంట్రాక్టు రాసుకునే రోజున అప్రెంటిస్‌షిప్ ఇండియా అనే ప్రభుత్వ పోర్టల్‌లో రేటు చూసుకో. 2016లో మొదలైన నాప్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం) కింద స్టైపెండ్‌లో పావు వంతు, నెలకు 1,500కు మించకుండా, కేంద్రం ఇస్తుంది. ఆ డబ్బు ఇప్పుడు నేరుగా పిల్లవాడి ఖాతాలోనే పడుతుంది. అప్రెంటిస్‌ను చట్టం ఉద్యోగిగా కాకుండా నేర్చుకునేవాడిగా చూస్తుంది కాబట్టి పీఎఫ్, ఈఎస్‌ఐ కట్టే పని లేదు. అయితే పనిలో దెబ్బ తగిలితే నష్టపరిహారం బాధ్యత నీదే. అది సబబే కదా. ఏడాది అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలని కూడా రూలేం లేదు.

నాకు మాత్రం డబ్బు మిగలడం కంటే ఆ ఏడాది టైమే పెద్ద లాభం అనిపిస్తుంది. అరగంట ఇంటర్వ్యూలో మనిషి గురించి ఏం తెలుస్తుంది చెప్పు? అదే పన్నెండు నెలలు కళ్ళ ముందు ఉంటే, టైముకు వస్తాడా, అర్థం కాకపోతే అడుగుతాడా, పని చెడితే దాస్తాడా చెప్తాడా, అన్నీ తెలిసిపోతాయి. ఆ తర్వాత ఉద్యోగం ఇస్తే కళ్ళు మూసుకుని ఇవ్వొచ్చు.

మా ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్‌కి ఓ పిల్లవాడు వచ్చాడు, పాకాల వైపు నుంచి. పొద్దున రైలెక్కి రేణిగుంటలో దిగేవాడు. వచ్చిన కొత్తలో ఒక మోటారు షాఫ్ట్‌కి బేరింగ్ ఎక్కించమంటే సుత్తి అందుకున్నాడు. వాడి తప్పు కాదు, బయట షెడ్డుల్లో అందరూ అలాగే కొడతారు, వాడు చూసిందీ అదే. మా మేస్త్రి వాడి చేయి పట్టుకుని ఆపాడు. బేరింగ్‌ను హీటర్ మీద పెట్టి 110 డిగ్రీల దాకా వేడి చేయించాడు. చేతికి మందపాటి గ్లవుజులు తొడిగి, తీసుకెళ్ళి షాఫ్ట్ మీద పెట్టమన్నాడు. సర్రున జారి వెళ్ళి తన చోట కూర్చుంది. వాడి మొహం చూడాలి నువ్వు! వేడికి లోహం వ్యాకోచిస్తుందని వాడు ఎప్పుడో చదివాడు, పరీక్షలో రాశాడు, మార్కులు కూడా వచ్చాయి. ఆ చదువుకి ఇలాంటి ఉపయోగం ఉందని ఆ రోజే చూశాడు. సుత్తితో కొట్టిన బేరింగ్ కొన్ని నెలలకే ఎందుకు మోగడం మొదలుపెడుతుందో కూడా మేస్త్రి అప్పుడే చెప్పాడు. ఏ మిషన్‌కి ఏ నెంబర్ బేరింగ్, ఎప్పుడు మార్చారు అని వాడు ఒక నోట్‌బుక్ మొదలుపెట్టాడు. ఇప్పుడు వాడు మా ఉద్యోగి. ఆ నోట్‌బుక్ చూడకుండా మేం స్పేర్ పార్టులు ఆర్డర్ పెట్టం.

ఇంకో సంగతి కూడా గమనించాను. నేర్పడం మొదలుపెట్టాక మా మేస్త్రి మారాడు. పిల్లలు "ఎందుకు సార్" అని అడుగుతుంటే, ఎన్నో ఏళ్ళుగా అలవాటుగా చేస్తున్న పనులకు కారణాలు వెతికి చెప్పడం మొదలుపెట్టాడు. మనిషికి హుషారొచ్చింది. మీ మేస్త్రికి కూడా కావలసింది అదే అనుకుంటా.

కష్టం లేదని చెప్పను. మొదటి మూడు నాలుగు నెలలు నీకు చేతి చమురు వదులుతుంది. స్టీలు ముక్కలు పాడవుతాయి, గ్యాస్ ఖర్చవుతుంది, మేస్త్రి పనివేళ సగం వాళ్ళకే పోతుంది. అందుకే మామిడి సీజన్‌లో మొదలుపెట్టొద్దంటున్నా. జూన్, జూలైలో గుజ్జు ఫ్యాక్టరీలు రాత్రింబవళ్ళు నడుస్తుంటే నీకు నేర్పే తీరిక ఎక్కడుంటుంది? చలికాలంలో తీసుకుంటే, తోతాపురి లారీలు క్యూ కట్టే నాటికి వాళ్ళ చేతులు కుదురుతాయి.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. అప్రెంటిస్ అంటే చవగ్గా దొరికిన కూలీ అనుకునేవాళ్ళు ఉన్నారు. మాకు తెలిసిన ఒకబ్బాయిని ఓ కంపెనీలో ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్‌గా తీసుకుని, ఏడాదంతా అట్టపెట్టెలకు టేపు వేయించారు. సర్టిఫికెట్ ఇచ్చారు గానీ, వాడికి మోటారు స్టార్టర్ కనెక్షన్ ఇవ్వడం కూడా రాదు. అది తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఒక పిల్లవాడి జీవితంలో ఇరవై ఏళ్ళ వయసు మళ్ళీ రాదు కదా మామా. అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ అనే ప్రభుత్వ అధికారి అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదని చట్టమే చెప్తోంది. నువ్వు అలాంటివాడివి కాదని తెలుసు. అయినా సీజన్ ఒత్తిడిలో మీ సూపర్‌వైజర్ చేయించే అవకాశం ఉంది, ముందే చెప్పి పెట్టు.

మేనల్లుడి విషయానికొస్తే, వాడిని నీ దగ్గర మాత్రం పెట్టుకోకు. మేనమామ వర్క్‌షాప్‌లో వాడిని ఎవరూ గట్టిగా ఒక మాట అనరు, అనకపోతే పని రాదు. వాడిని బయటికి పంపు, బయటి పిల్లల్ని నువ్వు తీసుకో. తిరుపతిలో రైల్వే క్యారేజ్ రిపేర్ షాప్ ఉంది, శెట్టిపల్లి దగ్గర. రైల్వే వాళ్ళు అప్రెంటిస్ నోటిఫికేషన్ వేసినప్పుడు పది, ఐటీఐ మార్కుల మీదే ఎంపిక, రాతపరీక్ష ఉండదు. వయసు మాత్రం 15 నుంచి 24 లోపు ఉండాలి, రిజర్వేషన్ ఉన్నవాళ్ళకు సడలింపు ఉంది. అది పూర్తి చేసిన వాళ్ళకు రైల్వే లెవెల్-1 (మొదటి మెట్టు) ఉద్యోగాల్లో 20 శాతం ప్రత్యేకంగా కేటాయిస్తారు. ఆర్టీసీ కూడా డీజిల్ మెకానిక్, ఫిట్టర్, వెల్డర్ లాంటి ట్రేడ్లలో అప్రెంటిస్‌లను తీసుకుంటుంది. కరకంబాడిలో బ్యాటరీల ఫ్యాక్టరీ, శ్రీసిటీలో కార్లు, ఏసీలు, మెట్రో బోగీలు తయారు చేసే కంపెనీలు, రేణిగుంట ఎయిర్‌పోర్టు పక్కన ఎలక్ట్రానిక్స్ యూనిట్లు, ఇవన్నీ వాడికి గంట, రెండు గంటల దూరంలోనే ఉన్నాయి. స్టైపెండ్ తక్కువని అక్క అంటుందేమో. కోచింగ్ సెంటర్‌కి మనమే ఎదురు డబ్బు కట్టి, హాస్టల్ ఖర్చు పెట్టుకుని కూర్చోబెట్టడం కంటే ఇది ఎన్నో రెట్లు నయం. చివర్లో పరీక్ష పాసైతే నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది, అది దేశంలో ఎక్కడైనా చెల్లుతుంది. అనుభవం ఉందా అని అడిగే ప్రతివాడికీ చూపించడానికి వాడి చేతిలో ఒక కాగితం, చెప్పుకోవడానికి ఒక పని ఉంటాయి.

మీ చిన్నమ్మాయి డిప్లొమా ఎలక్ట్రికల్ అయిపోతోంది కదా. దానికి నాట్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం) అని వేరే పథకం ఉంది, డిప్లొమా, డిగ్రీ వాళ్ళ కోసం. ఏడాది ట్రైనింగ్, కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రమే భరిస్తుంది. మన దక్షిణాది రాష్ట్రాల వ్యవహారమంతా చెన్నైలోని బోర్డు చూస్తుంది. ఆడపిల్లను ఫ్యాక్టరీకి ఎలా పంపాలని చెల్లెమ్మ అంటుందని తెలుసు. రేణిగుంట యూనిట్లలో షిఫ్ట్ మారే టైముకు వచ్చి ఆ బస్సుల్లో దిగే పిల్లల్ని ఒకసారి చూడమను, సగానికి సగం ఆడపిల్లలే. ఒకసారి పంపితే బయటి పని భయం దానికీ పోతుంది, మీకూ పోతుంది.

అయినా ఇది మన ప్రాంతానికి కొత్త విషయం కాదు. శ్రీకాళహస్తి కలంకారీ ఎలా బతికింది? ఆ పని దాదాపు అడుగంటుతున్న రోజుల్లో, 1950లలో కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో అక్కడ శిక్షణ కేంద్రం పెట్టి, పాత పనివాళ్ళ పక్కన కుర్రాళ్ళను కూర్చోబెట్టారు. గుడ్డను కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్ళలో ఎంత నాననివ్వాలి, తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టిన కసిం అనే నల్ల రంగు ఎప్పుడు వాడకానికి వస్తుంది, కలానికి చుట్టిన దారాన్ని ఎంత నొక్కితే గీత సన్నగా వస్తుంది, ఇవన్నీ ఏ పుస్తకం చదివి నేర్చుకోగలరు? అలా నేర్చుకుని, ఇతరులకు నేర్పిన జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. విరిగిన ఎముకలకు పుత్తూరు కట్టు కట్టే చేతులైనా అంతే, పెద్దల పక్కన కూర్చుని నేర్చుకున్నవే. మీ మేస్త్రి ఆర్గాన్ వెల్డింగ్‌కి కూడా అంత గౌరవం ఇవ్వాలని నా ఉద్దేశం.

సరే, ఇక పని మాట. అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో నీ వర్క్‌షాప్‌ను రిజిస్టర్ చేయాలి, ట్రేడ్ ఎంచుకోవాలి, పిల్లలు దరఖాస్తు చేశాక కాంట్రాక్టు ఆన్‌లైన్‌లోనే రాసుకోవాలి. మా ఆఫీసులో ఈ పని చేసే అమ్మాయి నీకు ఫోన్లోనే దగ్గరుండి చేయిస్తానంది, నేను మాట్లాడేశాను. వర్క్‌షాప్ కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టి ఉంచు. చిత్తూరులో ఐటీఐ ప్రిన్సిపల్‌ను వెళ్ళి కలువు, వెల్డర్ ట్రేడ్‌లో శ్రద్ధగా చేసే పిల్లలెవరో ఆయనకు తెలుస్తుంది. మార్కులు మాత్రమే చూడొద్దు, చేతి పని కూడా చూడు. నువ్వు వెళ్ళేటప్పుడు మేస్త్రిని వెంట తీసుకెళ్ళు, ఎంచుకునే పని ఆయనకే వదిలెయ్. తాను ఎంచుకున్న పిల్లలకు ఇంకా మనసు పెట్టి నేర్పుతాడు.

మేనల్లుడి పది, ఐటీఐ మార్కుల లిస్టులు ఫొటో తీసి నాకు ఈ వారంలోనే పంపించు. రైల్వే, ఆర్టీసీ నోటిఫికేషన్లు చూసి వాడి చేత నేనే దరఖాస్తులు పెట్టిస్తా.

నీ
స్నేహితుడు