పిల్లల మధ్యకి పంపే ముందు మాకు నేర్పించండి

గౌరవనీయులైన మహిళా, శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారమండీ. విజయవాడ సింగ్ నగర్‌లో వేసవి సెలవుల్లో పిల్లలకు ఆటలు, చదువు నేర్పే వాలంటీర్లలో నేనొకదాన్ని. పిల్లలతో ఎలా మెలగాలో మాకు శిక్షణ ఇప్పించమని అర్జీల మీద అర్జీలు పెట్టాం. చివరికి ఫోన్‌కి ‘మీ సమస్య పరిష్కరించబడింది’ అని మెసేజ్ వచ్చింది. ఏమీ పరిష్కారం కాలేదండీ. ఒకాయన వచ్చి అరగంట కాగితం చూసి చదివారు, సంతకాలు పెట్టించుకున్నారు, గ్రూప్ ఫోటో తీసుకుని వెళ్ళిపోయారు. దాన్నే శిక్షణ అని రాసుకున్నారు.

పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం కింద నిబంధనలు 2020లోనే వచ్చాయి. బడులే కాదు, ఆటల అకాడమీలు కూడా సిబ్బంది గతం గురించి పోలీసు వెరిఫికేషన్ చేయించాలి, పిల్లల భద్రత గురించి వాళ్ళకి శిక్షణ ఇప్పించాలి. ఇది మీకు తెలియనిది కాదు.

కిందటి వేసవిలో ఒక పాప మా వాలంటీర్ దగ్గరికొచ్చి, “అక్కా, ఆ అన్న ఫోన్లో ఏవేవో చూపిస్తున్నాడు, నాకు భయమేస్తోంది” అంది. ఆ వాలంటీర్ డిగ్రీ చదివే అమ్మాయి. వణికిపోయింది. ఎవరికి చెప్పాలో తెలీదు. ఒకరు వాళ్ళమ్మకి చెబితే చాలన్నారు. ఇంకొకరు పాప పేరు బయటికొస్తుంది, ఊరుకోమన్నారు. మరొకరు వాట్సాప్ గ్రూప్‌లో పెడదామన్నారు! పాపని స్టేషన్‌కి తీసుకెళ్ళాలేమోనని అందరికీ భయం. పాపని కూర్చోబెట్టి తలా ఒక ప్రశ్న అడిగారు. చెప్పిందే మళ్ళీ మళ్ళీ చెప్పించారు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసేసరికి మర్నాడైంది. ఆ తర్వాత ఆ పాప మళ్ళీ క్యాంపు వైపు రాలేదు.

తెలిసీ ఫిర్యాదు చేయకపోతే ఆరు నెలల దాకా జైలు, సంస్థ నడిపేవాళ్ళకైతే ఏడాది దాకా అని చట్టంలో ఉంది. పాప ఉన్నచోటికే పోలీసులు యూనిఫాం లేకుండా వచ్చి వాంగ్మూలం తీసుకోవాలనీ ఉంది. ఈ రెండో ముక్క ఒక్కటి ముందే తెలిసుంటే సగం భయం పోయేది. శిక్ష మాత్రం మా మీద పెట్టారు, నేర్పడం ఎందుకు మరిచిపోయారండీ?

బట్టలు మార్చుకునే గది దగ్గర ఎవరుండాలి, ఒక్కరే పెద్దవాళ్ళు ఒక బిడ్డతో విడిగా ఉండొచ్చా, పిల్లల ఫోటోలు ఎవరి ఫోన్లో ఉండాలి, ఇవన్నీ ఎవరికి తోచినట్టు వాళ్ళు చేస్తున్నారు. కొత్తగా వచ్చే కోచ్ ఎక్కడి నుంచి వచ్చాడో కనుక్కునే దారి కూడా మాకు తెలియదు.

దయచేసి మే నెల క్యాంపులు మొదలవకముందే ఒక్క రోజు పూర్తిగా కేటాయించండి. జిల్లా బాలల పరిరక్షణ విభాగం నుంచి ఒకరు, ఒక మహిళా ఎస్సై వచ్చి తెలుగులో, మా ప్రశ్నలకు జవాబిస్తూ నేర్పాలి. పోలీసు వెరిఫికేషన్‌కి ఎక్కడ దరఖాస్తు చేయాలో చెప్పాలి. కాలేజీ పిల్లలుంటారు కాబట్టి ఆదివారమైతే మేలు. హాలు మేమే చూసుకుంటాం, భోజనాలు మేమే పెట్టుకుంటాం. మీరు తారీఖు చెప్పండి చాలు. ఈసారి మెసేజ్ కాదండీ, మనిషిని పంపండి.

ఇట్లు,
ఒక వాలంటీర్,
విజయవాడ