పిల్లల గదికి ఏం కుట్టాలి, ఎట్లా కుట్టాలి

తిరుపతి

చి. ల. సౌ. అమ్ములుకు,

నువ్వు పంపిన ఫోటోల్లో గది బాగుంది. కాకపోతే బాగున్నదంతా ఫోటోకే. తొట్టి మంచం చుట్టూ మెత్తల గోడ, తలవైపు దీపాల తీగ, గుండీ కళ్ల ఎలుగుబంటి, సరిగ్గా బిడ్డ తలపైన అద్దం ఫ్రేము. ఆ గదిలో ఉండబోయే ఇద్దరిలో ఒకరు ఇంకా పుట్టలేదు. ఇంకొకతేమో రెండున్నరేళ్లది, చేతికందింది లాగకుండా ఉండదు. వాళ్లకోసం చేసేదేదైనా లాగినా, చప్పరించినా, వారానికోసారి బకెట్లో నానినా నిలబడాలి. అట్లా నిలిచేవి కొన్ని చెప్తాను, మిగతావి కొనకు, కుట్టకు. బొంత గురించే ఎక్కువ రాస్తున్నా. అన్నిటికన్నా ఎక్కువ వాడేది అదే, తొందరపడి చెడగొట్టుకునేదీ అదే.

బొంతకు పాత నూలు చీరలే కావాలి. మీ అవ్వ చీరల్లో మూడు సరిపోతాయి. ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూడు. మడతలు పడే చోట దారాలు విడిపోయి ఉంటే పక్కన పెట్టెయ్. బాగున్నట్టు కనిపించినా రెండు బొటనవేళ్లతో పట్టి గట్టిగా గుంజు, పర్రుమంటే అది తుడుపు గుడ్డకే. జరీ అంచు కోసి తీసెయ్, పోగు లేస్తే బిడ్డ ఒంటికి గీరుకుంటుంది. నూలా, పాలియెస్టర్ కలిసిందా అని అనుమానం వస్తే ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చు. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద మిగులుతుంది. పాలియెస్టర్ కరిగి, ముడుచుకుని నల్లటి గట్టి ఉండ అవుతుంది. అది చెమట పీల్చదు, మన ఎండలకు బిడ్డ వీపంతా చెమటకాయలే.

చీరల్లో గంజి పూర్తిగా పోయేదాకా ఉతుకు. గంజి మిగిలితే సూది సులువుగా దిగదు, దాచినప్పుడు పురుగూ పడుతుంది. పైపొరకు కొత్త గుడ్డ వేస్తానంటే కోయకముందే రెండుసార్లు వేడినీళ్లలో ఉతికి ఆరెయ్. కొత్త నూలుగుడ్డ మొదటి ఉతుకుల్లో నూటికి మూడు నుంచి అయిదు వంతుల దాకా కుదించుకుంటుంది. పాత చీర కుదించుకోవాల్సింది ఎప్పుడో అయిపోయింది. రెండింటినీ అట్లాగే కలిపి కుట్టినావంటే మొదటి ఉతుకుకే పైపొర కురచై బొంతంతా ముడతలు పడుతుంది. ముదురు ఎరుపు, ముదురు నీలం గుడ్డల్ని తడిపిన తెల్ల గుడ్డతో రుద్ది చూడు. రంగు అంటిందా, లోపలి పొరకు కూడా పనికిరాదు, తడిసిన రోజు బయటికి ఊరుతుంది.

కొలతలు ఇవి. పెద్దదానికి మీటరు వెడల్పు, మీటరున్నర పొడవు. పుట్టే బిడ్డకు 75 సెంటీమీటర్లు, 90 సెంటీమీటర్లు, తొట్టి పరుపు కొలత తెలిసినాక కొంచెం మారొచ్చు. నాలుగు పక్కలా అయిదేసి సెంటీమీటర్లు అదనంగా కోసుకో, కుట్టేటప్పుడు పొరలు జరుగుతాయి. చీర అయిదున్నర మీటర్లు, పన్నా 115 నుంచి 120 సెంటీమీటర్లు ఉంటుంది. పెద్ద బొంతకు చీరకు మూడు ముక్కలొస్తాయి కాబట్టి రెండు చీరలు. చిన్నదానికి 85 సెంటీమీటర్ల చొప్పున ఒక్క చీరలోనే ఆరు ముక్కలు లేస్తాయి. రెండింటికీ అయిదు పొరలు చాలు. మెత్తగా ఉంటుందని ఏడెనిమిది వేస్తే చేతిసూది దిగదు, బలవంతంగా దూరిస్తే వెనకవైపు కుట్టు వంకరపోతుంది. వానాకాలంలో లోపలి పొరలు ఆరక ముక్కిపోయిన వాసన కూడా వస్తుంది. దూది పెట్టొద్దు, రెండు ఉతుకులకే ఉండలు కట్టి ఒక మూలకు చేరుతుంది.

పొరల్ని మంచం మీద కాదు, నేల మీద పరువు. అన్నింటికన్నా కింది పొరను నాలుగు మూలలా టేపుతో నేలకు అంటించి, దాని మీద ఒక్కొక్క పొరా వేస్తూ నడిమి నుంచి అంచులకు అరచేత్తో సాపు చెయ్. తర్వాత బెత్తెడు దూరానికొక వరసగా పెద్ద పెద్ద కచ్చా కుట్లు వెయ్, పొడవునా అడ్డంగా రెండు వైపులా. విసుగనిపించి చాలామంది ఈ పని మానేసి నాలుగు పిన్నీసులు పెట్టి మొదలుపెడతారు. బొంత మధ్యలో బుడగలాగా లేచేది అందుకే.

అసలు కుట్టు నడిమి నుంచి మొదలుపెట్టి ఇరుపక్కలకూ పోవాలి. అంచు నుంచి మొదలుపెడితే వదులుగా ఉన్న గుడ్డంతా ముందుకు జరుగుతూ చివరికి పోయే దారి లేక మడత పడుతుంది. కుట్టు బియ్యపు గింజంత ఉంటే చాలు. వరసకూ వరసకూ మధ్య రెండు, రెండున్నర సెంటీమీటర్లు. దారం నూలుదే, రెండు పేటలు, మూరెడున్నర పొడవు మించొద్దు. పొడుగ్గా తీసుకుంటే మళ్లీమళ్లీ ఎక్కించే పని తప్పుతుందనుకుంటాం గానీ ముళ్లు విప్పడానికే అంతకు రెట్టింపు పొద్దు పోతుంది. ముడి వేసినాక దారాన్ని చిన్నగా గుంజితే ముడి పైపొర దాటి లోపలికి పోతుంది, అక్కడే ఉండనీ. పిల్లల బొంతలో ముడి, దారం కొస, వదులు కుట్టు ఏదీ బయట కనబడకూడదు. వదులు దారం పసిబిడ్డ కాలివేలికి చుట్టుకుంటే వేలు వాచి రక్తం ఆడకుండా పోతుంది. బిడ్డ ఎందుకేడుస్తోందో ఇంట్లో వాళ్లకు తట్టదు. బొంత కుట్టినాక వెనక్కి తిప్పి అంతా వేలు తగిలించి చూడు, వేలు దూరే కుట్టు ఉంటే విప్పి మళ్లీ వెయ్.

అంచుకు ఆరు సెంటీమీటర్ల వెడల్పు పట్టీ. పెద్ద బొంత చుట్టుకొలత అయిదు మీటర్లు, మూలలకూ అతుకులకూ కలిపి అయిదు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు కోసుకో. మూలలు గుండ్రంగా తిప్పితేనే క్రాస్ పట్టీ, అంటే గుడ్డను ఏటవాలుగా కోసిన పట్టీ కావాలి, చదరంగా ఉంటే నిలువు పట్టీ చాలు, గుడ్డ కూడా మిగులుతుంది. పట్టీ ముక్కల్ని ఏటవాలుగా అతుకు, నేరుగా అతికితే మందమంతా ఒకే చోట పడి మిషన్ సూది విరుగుతుంది. కచ్చా కుట్లు విప్పేది పట్టీ పడిన తర్వాతే.

ఈ బొంత ఏడాది నిండేదాకా బిడ్డ కిందే, పైన కప్పడానికి కాదు. గట్టి పరుపు మీద బిగుతుగా పరిచి, అంచులు పరుపు కిందికి మడువు. తొట్టి చుట్టూ పెట్టిన మెత్తల గోడ తీసెయ్. ముఖం దానికి ఆనుకుంటే పసిబిడ్డ తల తిప్పుకోలేదు, ఊపిరాడదు. దిండూ వద్దు, పక్కన బొమ్మలూ వద్దు, పిల్లల డాక్టర్లు చెప్పేదీ ఇదే. మీ అత్తగారు తప్పకుండా ఆవాల దిండు పంపిస్తారు. సంతోషంగా తీసుకుని బీరువాలో పెట్టు.

ఇక తొట్టి పైన వేలాడదీసే చిలకల పందిరి. ఎనిమిది అంగుళాల చెక్క ఎంబ్రాయిడరీ రింగు, అయిదు చిలకలు చాలు. రింగు చుట్టుకొలత సుమారు 64 సెంటీమీటర్లు, కాబట్టి పన్నెండు ముప్పావు సెంటీమీటర్లకో గుర్తు పెట్టుకో. చిలక ముక్కు నుంచి తోక దాకా పది సెంటీమీటర్లు. అన్నీ ఒకే ఎత్తున కడితే ఒకదాని తోక ఇంకొకదాని ముక్కుకు తగులుకుంటుంది. పక్కపక్క చిలకలు ఒకే ఎత్తున పడకుండా అయిదేసి సెంటీమీటర్ల తేడాతో దించి కట్టు.

పోప్లిన్ రెండు ముక్కల్ని మంచివైపు లోపలికి పెట్టి, అంచుకు ఆరు మిల్లీమీటర్లు వదిలి సన్నగా కుట్టు. పొట్ట దగ్గర మూడు సెంటీమీటర్లు తెరిచి ఉంచు. తిప్పే ముందు ముక్కు వంపు దగ్గర కుట్టు తెగకుండా దాని దాకా చిన్న కత్తెర గాట్లు పెట్టాలి. ఆ గాట్లు లేకపోతే తిప్పినాక ముక్కు మొద్దుగా ముడుచుకుపోతుంది, ఎంత కూరినా చిలక కాకిలాగే ఉంటుంది. ఫైబర్ కూరు, బూరుగు దూది ఉతికితే పాడవుతుంది, చిరిగితే గదంతా ఎగురుతుంది. ముందు ముక్కులో, తోకలో చిటికెడు చిటికెడుగా మొద్దు పెన్సిల్‌తో తోసి, పొట్ట చివర్లో నింపు. కళ్లు దారంతోనే కుట్టు, పూసా గుండీ ఏదీ వద్దు.

కొట్లో కొన్నవాటిలో సామాన్యంగా పట్టించుకోని సంగతొకటుంది. బిడ్డకు కనిపించేది చిలక పక్క కాదు, పొట్ట. అందుకే పొట్ట కింద నలుపు తెలుపు చారల గుడ్డ ముక్క వెయ్. మొదటి నెలల్లో పిల్లలకు బాగా ఆనేది అట్లాంటి తేడా ఉన్న రంగులే, లేత గులాబీ, లేత నీలం కాదు. రింగుకు మూడు దారాలు సమానమైన దూరంలో కట్టి పైన ఒక ముడిలో కలుపు. ఒకవైపు ఒరిగితే దారాల పొడవు చూడు, అవి సమానంగా ఉంటే ఏదో ఒక చిలకలో ఫైబర్ ఎక్కువైనట్టే. పందిరిని ఇంటి కప్పు కొక్కేనికి కట్టు, తొట్టికి కాదు. ఫ్యాను కిందా వద్దు, ఒక్క రాత్రికే అయిదు దారాలూ తాడైపోతాయి. బిడ్డ చెయ్యి చాచినా అందనంత ఎత్తులో ఉండాలి. చేతుల మీద లేవడం మొదలుపెట్టినా, అయిదో నెల వచ్చినా, ఏది ముందైతే అప్పుడు విప్పెయ్. విప్పినాక చిలకల్ని ఆడుకోవడానికి ఇస్తే దారాలు మొదలంటా కోసి ఇవ్వు.

శ్రీకాళహస్తి కలంకారీ ముక్కను బొంత నడిమిలో వేస్తానన్నావు. ఆ ఆలోచన నాకు నచ్చలేదు. కలంతో గీసే నల్ల గీతలకు వాడే కసిమిని తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో ఊరబెట్టి చేస్తారు. గుడ్డను ముందే కరక్కాయ, గేదెపాలలో ముంచి ఆరేసి ఉంటారు. ఆ పాల జిడ్డు రంగు పాకకుండా ఆపుతుంది, కరక్కాయ వగరుతో ఇనుము కలిసి నలుపు తేలుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఇనుమే గీతల వెంబడి గుడ్డను పెళుసు చేస్తుంది. రోజూ నలిగే, ఉతికే పక్కబట్టకు అది సరిపడదు. గోడకైతే దానిని మించింది లేదు.

కొనేటప్పుడు గుడ్డ తిప్పి చూడు. చేతి పనైతే రంగు వెనక్కి దిగి ఉంటుంది, గీత ఒక చోట లావు, ఒక చోట సన్నం. చెట్టు మీద రెండు పిట్టలు అచ్చం ఒకేలా ఉంటే అది కలం పని కాదు, అచ్చు. 45 సెంటీమీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల పొడవు ముక్క చాలు. వెనకవైపు పైనా కిందా అయిదు సెంటీమీటర్ల గొట్టం పట్టీ కుట్టి వెదురు పుల్లలు దూర్చు, కింది పుల్ల లేకపోతే గుడ్డ చుట్టుకుపోతుంది. గోడకు రెండు మేకులు కొట్టించు. డిస్టెంపర్ గోడ మీద అంటించే కొక్కేలు నిలవవు, సున్నంతో సహా ఊడొస్తాయి. ఎండపడే గోడ వద్దు, ముందు వెలిసేది పసుపే. మురికైతే కుంకుడు రసం, చన్నీళ్లు, నీడ. బొమ్మ సంగతి కూడా ఆలోచించు. యుద్ధం దృశ్యాలు చాలా గొప్పగా ఉంటాయి గానీ నిద్రదీపం వెలుగులో ఆ పెద్ద కళ్లు చూసి పిల్లలు జడుసుకుంటారు. చెట్టు, నెమళ్లు, ఏనుగులు ఉన్నది తీసుకో.

పేరు తోరణం సులువే. పెద్దదాని పేరులో నాలుగు అక్షరాలు, రెండు పక్కలా ఖాళీవి ఒక్కొక్కటి, మొత్తం ఆరు జెండాలు. మూడు మొనల జెండాలు వద్దు, వత్తు ఉన్న అక్షరానికి కింద చోటే ఉండదు. 15 సెంటీమీటర్లు, 20 సెంటీమీటర్ల నిలువు ముక్కలు కోసి, మూడేసి సెంటీమీటర్ల ఎడంతో పట్టీకి కుడితే తోరణం 105 సెంటీమీటర్లు వస్తుంది. అక్షరాల్ని కాజా కుట్టుతో అతుకు. ఇస్త్రీతో అంటుకునే ఫ్యూజింగ్ వాడితే దాని కాగితం మీద అక్షరాన్ని తిరగేసి గీయాలి, లేకపోతే గుడ్డ మీద అద్దంలో చూసినట్టు పడుతుంది. తోరణాన్ని ఆమెకు అందని ఎత్తున, మంచానికి దూరంగా, రెండు కొసలూ మేకులకు బిగించి కట్టు. వేలాడే తాడు మెడకు పడే ప్రమాదముంది.

కొయ్య బొమ్మలకు రంగు వేయాలంటే డబ్బా మీద సీసం 90 పీపీఎమ్‌కు, అంటే పది లక్షల్లో 90 వంతులకు, మించదని రాసి ఉందో లేదో చూడు, 2017 నవంబరు నుంచి మన దేశంలో అదే హద్దు. పాత డబ్బాలో మిగిలిన రంగు ముట్టుకోవద్దు. కొట్లో కొనే బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. నమోదైన చేతివృత్తుల వాళ్లకు అందులో మినహాయింపు ఉంది కాబట్టి అట్లాంటి బొమ్మల్ని నువ్వే పరీక్షించుకోవాలి. మందపాటి చార్టు కాగితంతో లోపలి అడ్డకొలత 32 మిల్లీమీటర్లుండే గొట్టం చుట్టుకో. అందులో దూరేది ఏదైనా మూడేళ్లు నిండని పిల్లల చేతికి వద్దు, బొమ్మైనా, ఊడొచ్చే ముక్కైనా.

తొట్టి పరుపు పొడవు, వెడల్పు, మందం మూడూ కొలిచి పంపు, చిన్న బొంత అంచు కిందికి మడవడానికి ఎంత వదలాలో అప్పుడే తేలుతుంది. మీ అవ్వ చీరలు మడిచి ఉంచినా. మీ నాయన శనివారం ఆర్టీసీ కార్గోలో వేస్తారు. దారం ఇక్కడి నుంచే పంపుతున్నా, నువ్వు కొనొద్దు.

మీ అమ్మ