పులిహోర టైము, పులి టైము: అటవీ శాఖ మంత్రిగారికి ఒక బహిరంగ లేఖ

తెలంగాణ అటవీ, పర్యావరణ శాఖ మంత్రిగారికి నమస్కారాలు.

మాది హైదరాబాద్ శివార్లలోని బోడుప్పల్. అత్తయ్య, మామయ్య, మా ఆయన, నేను, మా అమ్మాయి. సెలవులకి ఆడపడుచూ, వాళ్ల ఐదేళ్ల బాబూ వస్తే ఏడుగురం అవుతాం. ఎక్కడికెళ్లినా ప్లాన్ చేసే డ్యూటీ నాదే. ఎవరి మాత్ర ఎన్నింటికి, ఎవరు ఎంత దూరం నడవగలరు, బస్సులో ఎవరికి కడుపులో తిప్పుతుంది, అన్నీ నా బుర్రలోనే ఉంటాయి. నెహ్రూ జూ పార్కుకి వెళ్లి సఫారీ చూసి రావడం అనే చిన్న పనికి మాకు మూడు ప్రయాణాలు పట్టాయి. మొదటిసారి గేటు దాటలేదు. రెండోసారి సింహం లేవలేదు. మూడోసారికి గానీ అసలు సంగతి బోధపడలేదు. అది మీకు చెప్పి రెండు మూడు పనులు అడుగుదామని ఈ ఉత్తరం. ఫిర్యాదు మాత్రం కాదండీ. తప్పంతా మాదే.

మొదటిసారి దసరా సెలవుల్లో బయల్దేరాం. ఉప్పల్ వచ్చి, అఫ్జల్‌గంజ్‌లో దిగి, మళ్లీ బస్సు మారి బహదూర్‌పురా చేరేసరికి పదకొండు దాటింది. ఆర్టీసీలో ఆడవాళ్లందరికీ డబ్బు కట్టక్కర్లేని జీరో టికెట్ కాబట్టి మగవాళ్ల ఛార్జీలే ఖర్చు. గేటు దగ్గర ఒక్క మనిషి లేడు. "రష్ లేదు, మంచి రోజు చూసుకుని వచ్చాం" అన్నారు మా ఆయన. అది సోమవారం. జూకి సోమవారం సెలవు. పులిహోర డబ్బా, పెరుగన్నం గిన్నె, వాటర్ బాటిళ్లు, మడిచిన చాప పట్టుకుని ఏడుగురం మూసిన గేటు ముందు నిలబడ్డాం. బాబు ఏడుపు లంకించుకున్నాడు. పక్కన చెరుకురసం బండాయన "వారానికి రెండు మూడు ఫ్యామిలీలు ఇట్లనే వస్తయమ్మా" అని ఓదార్చాడు.

అప్పటికప్పుడు బస్సెక్కి సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లాం. దానికి సెలవు శుక్రవారం. అక్కడి మ్యూజికల్ క్లాక్ సంగతి మీకు తెలియంది కాదు. గంట కొట్టే వేళకి చిన్న తలుపు తీసుకుని బుల్లి గడ్డపాయన బయటికొచ్చి గంట మోగించి లోపలికి పోతాడు. ఆ కాస్త దానికోసం వంద మంది పది నిమిషాల ముందు నుంచే కూర్చుని ఎదురుచూస్తారు. ఎవరూ విసుక్కోరు, ఎవరూ "ఏయ్, బయటికి రా" అని అరవరు. ఆయన ఎన్నింటికి వస్తాడో అందరికీ తెలుసు కాబట్టి. ఆ రోజు నాకు ఇది తట్టలేదు. తర్వాత తట్టింది.

రెండోసారి ఆదివారం ప్లాన్ చేశాం. నాలుగున్నరకే లేచాను. ఏడుగురికి పులిహోర, పిల్లలకి చపాతీ, అత్తయ్యకి కారం లేని కూర, ఫ్లాస్కులో టీ. ఇవన్నీ అయి, మధ్యలో అందరి స్నానాలూ పూర్తయి, గడప దాటేసరికి తొమ్మిదిన్నర. గేటు దగ్గరికి పన్నెండింటికి చేరాం. సఫారీ బస్సెక్కేసరికి ఎండ నడినెత్తిన ఉంది. చెట్టు కింద మూడు సింహాలు గోనె సంచులు పడేసినట్టు పడున్నాయి. ఒకదాని చెవి మాత్రం ఈగలు వాలినప్పుడల్లా టపటపమంటోంది. "అమ్మా, అవి బొమ్మలా?" అన్నాడు బాబు. వెనక సీట్లో కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు, ఈలలేశారు, "లే రా మామా" అన్నారు. సింహం ఒక కన్ను సగం తెరిచి మమ్మల్ని చూసి మళ్లీ మూసేసింది.

మా అమ్మాయి ఊరుకోలేక 2021 కబురు ఎత్తింది. ఆ ఏడాది ఈ జూలోనే ఎనిమిది ఆసియా సింహాలకి కరోనా సోకిందని మన ఊళ్లోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ పరీక్షల్లో తేలింది. దేశంలో జంతువులకి రావడం అదే మొదటిసారి. అన్నీ కోలుకున్నాయి. అంతా విని అత్తయ్య ఒకటే ప్రశ్న వేసింది: "దాని ముక్కులో పుల్ల పెట్టిందెవరే?" బస్సంతా నవ్వారు. ఆ ట్రిప్పులో మాకు దక్కిన వినోదం అదొక్కటే. దిగేటప్పుడు డ్రైవరుగారు మెల్లగా అన్నారు: "ఎండ పడితే ఇవి లేవవమ్మా. పొద్దున్నే రండి, తిరుగుతుంటాయి."

ఆ ఒక్క మాట ఎవరైనా మాకు ముందే చెప్పి ఉంటే! సింహం రోజులో ఇరవై గంటల దాకా పడుకునే ఉంటుందట. పులి వేడికి తట్టుకోలేక నీళ్లలోనో నీడలోనో చేరుతుంది. అడవిదున్న మేసేది పొద్దునా సాయంత్రమూ. ఇంట్లో పిల్లి కూడా మధ్యాహ్నం సోఫా దిగదు కదా. ఇదేమీ తట్టక మేం సరిగ్గా వాటి నిద్రవేళకే వెళ్లి, డబ్బు దండగ అనుకుంటూ వచ్చాం. మేమే కాదు, ఆ బస్సులో ఉన్న అందరూ అదే అనుకున్నారు.

మరి పొద్దున్నే ఎందుకు రాలేకపోయాం? బద్ధకం కాదు. పులి దగ్గరికి ఆలస్యంగా చేరడానికి కారణం పులిహోర. మన ఊళ్లో ఫ్యామిలీ ట్రిప్పు అంటే ముందు వంటింట్లో ఒక ఆడమనిషి నాలుగు గంటల చాకిరీ. అది అయ్యాకే ప్రయాణం. అందుకే జనమంతా పదకొండుకీ ఒంటిగంటకీ మధ్యే గేటు దగ్గర కలుస్తారు. జంతువుల గడియారం ఒకటి, వంటింటి గడియారం ఇంకొకటి. ఈ రెండింటికీ రాజీ కుదర్చడం మాబోటివాళ్ల వల్ల కాదు, మీ వల్లే అవుతుంది.

మూడోసారి సంక్రాంతి సెలవుల్లో, బుధవారం పూట వెళ్లాం. ఈసారి పులుసు ముందురోజు రాత్రే ఉడికించి పెట్టేశాను. పొద్దున అన్నం వార్చి కలపడమే పని. కూరలూ చపాతీలూ ఏమీ లేవు. అలిగినవాళ్లు అలిగారు. రెండు ఆటోలు మాట్లాడుకుని ఎనిమిదిన్నరకి గేటు ముందున్నాం. ఆటో డబ్బులు గుండెల్లో గుచ్చుకున్న మాట నిజమే, కానీ సఫారీలో మొదట్లోనే పులి కనిపించింది. నిలబడి కాదు, నడుస్తూ. బస్సుకి సమాంతరంగా, మాకేసి చూడకుండా. అడుగేసినప్పుడల్లా భుజాల ఎముకలు చర్మం కింద ఒకదాని తర్వాత ఒకటి లేచి పడుతున్నాయి. మంచుకి తడిసిన గడ్డి మీద దాని అడుగుల చప్పుడే లేదు. ఒక చెట్టు దగ్గర ఆగి, మొదలు వాసన చూసి, వెనక్కి తిరిగి తోక నిటారుగా ఎత్తి దాని మీద చిమ్మింది. "మన గల్లీ కుక్క పనే చేస్తోంది" అంది అత్తయ్య. మా అమ్మాయి నవ్వాపుకుంటూ, అది ఇక్కడ నా రాజ్యం అని రాసుకోవడం నానమ్మా అని చెప్పింది. బాబు నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు. ఆ బస్సులో ఒక్కరు కూడా చప్పట్లు కొట్టలేదు. కొట్టాలని ఎవరికీ గుర్తు రాలేదు.

ఏనుగుల దగ్గర మామయ్య చాలాసేపు నిలబడిపోయారు. ఆయన చిన్నప్పుడు నాంపల్లి బాగే ఆమ్‌లో, అంటే ఇప్పటి పబ్లిక్ గార్డెన్స్‌లో, జంతువులుండేవి. రాణి అనే ఏనుగుని అక్కడే చూశారట. 1963లో ఈ జూ తెరిచాక అదీ ఇటొచ్చింది. మొహర్రం ఊరేగింపులో బీబీ కా ఆలం అనే పవిత్ర చిహ్నాన్ని మోసిందీ అదే, బోనాల ఊరేగింపులో నడిచిందీ అదే. 2021 జూన్‌లో ఎనభై మూడేళ్ల వయసులో పోయింది. "నాకన్నా పెద్దది" అన్నారు. మామయ్య ఇంట్లో రోజంతా కలిపి పది మాటలు మాట్లాడని మనిషి.

పదకొండయ్యేసరికి ఎండ ముదిరింది. అప్పుడు నిశాచర జంతువుల శాలకి వెళ్లాం. మంత్రిగారూ, నా లెక్కలో మొత్తం 380 ఎకరాల్లో అన్నిటికన్నా తెలివైన గది అదే. లోపల పగలు చీకటి, రాత్రి లైట్లు. పగలూ రాత్రీ తిరగేసి పెట్టారు. అందుకే బయట సింహాలు గుర్రు పెట్టే వేళకి లోపల గబ్బిలాలూ పునుగు పిల్లులూ చురుగ్గా తిరుగుతుంటాయి. అంటే, మన టైముకీ జంతువుల టైముకీ పొత్తు కుదర్చడం మీ శాఖవాళ్లకి ఎప్పటి నుంచో తెలిసిన విద్యే. దాన్నే గేటు బయటి దాకా తీసుకురమ్మని అడుగుతున్నాను.

మొదటిది, టికెట్. 2025 మార్చి నుంచి పెద్దలకి వంద, పిల్లలకి యాభై. మా ఏడుగురికి లోపలికి వెళ్లడానికే ఆరొందలు, సఫారీ, బ్యాటరీ బండి వేరే. పెంచినందుకు నేనేమీ అనను. అన్ని ప్రాణుల్ని పోషించాలంటే మాటలు కాదు. కానీ తొమ్మిదిన్నరలోపు వచ్చేవాళ్లకి ముప్పై రూపాయలు తగ్గించి చూడండి. పొద్దున ఆటకి సినిమా టికెట్ తగ్గిస్తే వెళ్లిన జనమే మేమంతా. తగ్గించిన డబ్బు మాట ఎలా ఉన్నా, మధ్యాహ్నం గేటు దగ్గర తోపులాట కూడా తగ్గుతుంది. టికెట్ వెనకవైపు ఖాళీగా వదలకుండా తెలుగులో, ఉర్దూలో నాలుగు ముక్కలు అచ్చేయించండి: ఏ జంతువు ఏ వేళకి తిరుగుతుంది, ఎండలో ఏం చూడాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఏ దారిలో వెళ్లాలి. సోమవారం సెలవన్న మాట కొంచెం పెద్దక్షరాల్లో ఉంటే చెరుకురసం బండాయనకి ఓదార్పు పని తప్పుతుంది.

రెండోది, బస్సు. ఆరాంఘర్ నుంచి జూ పార్కు దాకా నాలుగు కిలోమీటర్ల ఫ్లైఓవర్ 2025 జనవరిలో వచ్చింది. కార్లున్నవాళ్లకి హాయి. ఉప్పల్, కూకట్‌పల్లి, ఈసీఐఎల్ వైపు నుంచి ఆదివారాలు ఒక్కో బస్సు, మధ్యలో మారే పని లేకుండా, ఎనిమిదిన్నరకి గేటు ముందు దించేలా రవాణా మంత్రిగారితో ఒకసారి మాట్లాడి చూడండి. అది మీ శాఖ కాదని తెలుసు. మీరు మీరు కేబినెట్లో పక్కపక్కనే కూర్చుంటారు కదా.

మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యం. టిఫిన్. ఎనిమిదింటికి గేటు దగ్గర వేడి ఇడ్లీ, ఉప్మా, మధ్యాహ్నం ఇంటి తిండిలాంటి పప్పన్నం మామూలు ధరకి దొరికితే నేను నాలుగింటికి లేవక్కర్లేదు. మహిళా సంఘాలతో ఇందిరా మహిళా శక్తి క్యాంటీన్లు నడిపిస్తున్నది మీ ప్రభుత్వమే. పులిని చూడాలంటే ముందు ఇంటావిడని వంటింట్లోంచి బయటికి తేవాలి. మగవాళ్లు ప్లాన్ చేస్తే ఇది ఎవరికీ తట్టదు, అందుకే ఇంతగా నొక్కి చెప్తున్నాను.

స్కూళ్ల సంగతి ఒక్క మాట. బడి బస్సులు కూడా మాలాగే పదకొండుకే దిగుతాయి. పిల్లలు వరుసలో నడుస్తారు, పడుకున్న జంతువుల్ని చూస్తారు, చిప్స్ తింటారు, వెళ్లిపోతారు. వాళ్లకి పొద్దుటి మొదటి గంట కేటాయించి, జంతువులకి తిండి పెట్టే మనిషి చేత ఐదు నిమిషాలు మాట్లాడించండి. ఆ సింహం పేరేంటో, దేనికి అలుగుతుందో, నిన్న ఏం తినకుండా వదిలేసిందో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ముక్కులో పుల్ల పెట్టిందెవరో కూడా ఆయనే చెప్పగలడు.

నగరానికి నైట్ సఫారీ వస్తుందని ఏళ్లుగా పేపర్లలో చదువుతున్నాం. వస్తే సంతోషమే. 1974లోనే లయన్ సఫారీ పెట్టిన ఊరు మనది, దేశంలో అదే మొదటిదని చెప్పుకుంటాం. కానీ రాత్రి సఫారీకి కోట్లు కావాలి. పొద్దుటి సఫారీకి ఇడ్లీ పాత్ర చాలు.

దసరా రోజు పాలపిట్టని చూడటానికి మేం ఏటా ఘట్‌కేసర్ అవతల పొలాల్లోకి వెళ్తాం. అది మన రాష్ట్ర పక్షి కూడాను. గంట నిలబడతాం, రెండు గంటలు నిలబడతాం. ఒక్కోసారి కనిపించదు. ఎవరూ ఎవర్నీ తిట్టుకోరు, పిట్ట మీద కోపం రాదు. పంజరంలో పెట్టి చూపించి డబ్బులడిగేవాళ్లని చూస్తేనే మా అత్తయ్యకి ఒళ్లు మండుతుంది. ఎప్పుడు, ఎక్కడ, ఎలా నిలబడాలో చెప్తే మా జనం ఓపిగ్గానే నిలబడతారండీ.

మళ్లీ వేసవి సెలవులు వస్తున్నాయి, ఆడపడుచు అప్పుడే ఫోన్ చేసింది. నా ప్లాన్ క్యాలెండర్ కాగితం వెనక రాసి ఫ్రిజ్‌కి అంటించేశాను. వీలైతే మీరూ ఒకసారి కుటుంబంతో రండి. కాన్వాయ్ లేకుండా, ఎనిమిదిన్నరకి. బస్సులో కుడివైపు కిటికీ సీటు పట్టుకోండి, మాకు పులి అటువైపే కనిపించింది. పులిహోర నేను తెస్తాను. సోమవారం మాత్రం రాకండి.

ఇట్లు,
బోడుప్పల్ నుంచి ఒక ఇల్లాలు