జపాన్ గుళ్ల గురించి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ ఆదివారం పేజీలో జపాన్ గురించి ఎప్పుడు వేసినా ఫూజీ కొండ, బుల్లెట్ ట్రైన్, చెర్రీ పూలు ఇవే వస్తున్నాయండి. మన దగ్గర్నుంచి ఆఫీసు పని మీద అక్కడికి వెళ్లేవాళ్లు బోలెడుమంది, వాళ్లకి దొరికేది ఏదో ఒక వీకెండ్, అందుకే అక్కడి గుళ్ల గురించి, లోపల ఎలా మెలగాలో కూడా రాయమని నా మనవి.

టోక్యో అసాకుసాలో సెన్సోజీ గుడికి అందరూ వెళ్తారు, ఎర్ర లాంతరు కింద ఫోటో దిగి షాపింగ్ చేసుకుని వచ్చేస్తారు. అక్కడ్నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే మత్సుచియామా షోదెన్ అనే చిన్న గుడి ఉంది, అందులో దేవుడు మన వినాయకుడేనండి, అక్కడ కాంగితెన్ అంటారు. మూలవిగ్రహాన్ని ఎవరికీ చూపించరు. నైవేద్యం ఏంటో తెలుసా, ముల్లంగి! గుడి దగ్గరే లావుపాటి తెల్ల ముల్లంగి కొని సమర్పిస్తారు, గుళ్లో ఎక్కడ చూసినా జంట ముల్లంగులు, డబ్బు సంచుల బొమ్మలే, జనవరి 7న పండగ చేసి ఉడికించిన ముల్లంగి భక్తులకి పెడతారు.

రిటర్న్ ఫ్లైట్ నరితా నుంచి అయితే, ఒక పూట టైమ్ ఉంటే, నరితాసాన్ గుడి అస్సలు మిస్ అవ్వొద్దు. 940లో పెట్టిన గుడి అది. రోజూ హోమం చేస్తారు, మన హోమమే బౌద్ధంతో పాటు చైనా మీదుగా అక్కడికి చేరింది. పెద్ద డప్పు మోగుతుంటే మంత్రాలు చదువుతూ మంట పైకి లేపుతారు, చివర్లో జనం తమ బ్యాగులు, పర్సులు ఇస్తే పూజారులు మంటకి చూపించి తిరిగి ఇస్తారు, నా లాప్‌టాప్ బ్యాగు కూడా అలాగే ఇచ్చాను, ఒళ్లు పులకరించింది.

ఇక పద్ధతులు. షింతో (జపాన్ వాళ్ల సొంత మతం) గుడిలో రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్లీ ఒకసారి వంగాలి, బౌద్ధ గుడిలో మాత్రం చప్పట్లు కొట్టకూడదు, చేతులు జోడిస్తే చాలు. గుడి ముందు నీళ్ల తొట్టి దగ్గర గరిటెతో ముందు ఎడమ చెయ్యి, తర్వాత కుడి చెయ్యి కడిగి, ఎడమ అరచేతిలో నీళ్లు పోసుకుని నోరు పుక్కిలించాలి, గరిటెకి నోరు తగలకూడదు, చివర్లో గరిటె నిలబెట్టి మిగిలిన నీళ్లతో దాని కాడ కడిగి పెట్టాలి. క్యోటోలో 1001 కన్నోన్ (మన అవలోకితేశ్వర బోధిసత్వుడు) విగ్రహాలున్న సాంజూసాంగెన్‌దో గుడిలో ఫోటోలు నిషేధం, బోర్డు ఉన్నా ఫోన్లు తీసేవాళ్లని చూస్తే చాలా బాధేసింది, అంతమంది దేవుళ్ల ముందు మనకి రీల్ కావాలా?

జపాన్‌లోని నారా ఊళ్లో పెద్ద బుద్ధుడి విగ్రహానికి 752లో కళ్లు దిద్దింది మన దేశం నుంచి వెళ్లిన బోధిసేనుడు. నాగార్జునకొండకి ఎవరి పేరు పెట్టుకున్నామో ఆ ఆచార్య నాగార్జునుడిని జపాన్ బౌద్ధ శాఖలు ఇప్పటికీ గురువుగా కొలుస్తాయి. ఇవన్నీ మన తెలుగు పేపర్లో రాకపోతే ఇంకెక్కడ వస్తాయండి, దయచేసి ఒక ఆదివారం పూర్తి పేజీ కేటాయించండి.

ఇట్లు,
మీ పాఠకుడు, హైదరాబాద్